చెట్టుకు కండరం ఎందుకు లేదు?

జీవశాస్త్రం పాఠ్యపుస్తకంలో మొక్కలు ఒక చోట, జన్యువులు ఇంకో చోట, కండరాలు మరో చోట ఉంటాయి. ఒక యూనిట్ పరీక్షకు చదివినదాన్ని తర్వాతి యూనిట్ నాటికి మరిచిపోయినా మార్కులకు ఇబ్బంది రాదు. అందుకే కాబోలు, ఈ మూడింటినీ ఒకే తాటి మీదికి తెచ్చే చిన్న ప్రశ్న ఒకటి క్లాసులో దాదాపు ఎవరూ అడగరు. చెట్టుకు కండరం ఎందుకు లేదు?

కదలాల్సిన పని లేదు కాబట్టి లేదు అనేది వెంటనే తోచే జవాబు. వినడానికి బాగుంటుంది గానీ నిలబడదు. ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తికి కదలాల్సిన పని ఉంది. ఈగల్ని పట్టుకుని అరిగించుకునే వీనస్ ఫ్లైట్రాప్‌కు ఇంకా ఎక్కువ ఉంది. రెండింటికీ కండరం లేదు. పోనీ, కండరాన్ని తయారుచేసే జన్యువులు మొక్కల్లో లేవు అందామా? ఇది సగమే నిజం. మిగతా సగం ఎక్కడ తేడా కొడుతుందో చూడాలి.

కండరంలో అసలు పని చేసే ప్రోటీన్లు రెండు. యాక్టిన్ సన్నటి తాడు లాంటిది. మయోసిన్ ఆ తాడును పట్టుకుని లాగే చెయ్యి లాంటిది. ఏటీపీ అనే ఇంధనం ఖర్చయినప్పుడల్లా మయోసిన్ తల ఒకసారి పట్టుకుని, వంగి, వదిలి, మళ్లీ ముందుకు పోయి పట్టుకుంటుంది. ఈ రెండు ప్రోటీన్లూ మొక్క కణాల్లోనూ ఉన్నాయి. హైడ్రిల్లా ఆకును నీటి చుక్కలో ఉంచి సూక్ష్మదర్శిని కింద చూస్తే, పచ్చటి హరితరేణువులు కణం అంచు వెంట ఒకదాని వెనుక ఒకటి ప్రదక్షిణం చేస్తూ కనిపిస్తాయి. నీటి మొక్కల్లో ఈ ప్రవాహాన్ని ఇటలీకి చెందిన బోనవెంతూరా కోర్తి 1774లోనే గమనించాడు. దాన్ని నడిపేది యాక్టిన్, మయోసిన్‌ల జంట అని తేలడానికి మాత్రం ఇరవయ్యో శతాబ్దం రావాల్సి వచ్చింది. కారా అనే మంచినీటి శైవలంలో ఈ ప్రవాహం సెకనుకు 50 మైక్రోమీటర్లు దాటుతుంది. మన కండరాల్లోని మయోసిన్ తాడును జరిపే వేగానికి ఇది దాదాపు పది రెట్లు. పరుగుపందెం పెడితే గెలిచేది చెరువులోని నాచే అన్నమాట.

కాబట్టి మోటారు లేక మొక్క ఆగిపోలేదు. ఒక తేడా మాత్రం ఉంది. మయోసిన్‌లు పెద్ద కుటుంబం. కండరంలో ఉండే శాఖకు తోకలు పెనవేసుకుని వందల తలలున్న మందపాటి కట్టగా మారే గుణం ఉంది. మొక్కల్లోని శాఖలకు ఆ గుణం లేదు. అవి యాక్టిన్ తాళ్ల వెంట కణంలోని సామాను మోస్తూ నడిచే కూలీల్లాంటివి. అయినా, రేపు ఎవరైనా కండర మయోసిన్ జన్యువును తీసుకెళ్లి మొక్కలో పెట్టారనుకుందాం. చెట్టు చెయ్యి ఊపుతుందా? ఊపదు. ఎందుకంటే ఆ కణం చుట్టూ గోడ ఉంది.

మొక్క కణాన్ని జంతు కణం నుంచి వేరుచేసే విషయాల్లో పిల్లలు మొదట రాసేది కణకవచం. ఆ ఒక్క మాట వెనుక ఎంత భౌతికశాస్త్రం ఉందో చాలామంది పట్టించుకోరు. సెల్యులోజ్ పోగులతో అల్లిన ఈ గోడ, అదే మందంలో ఉన్న జంతుకణం పొర కలలో కూడా తట్టుకోలేని ఒత్తిడిని తట్టుకుంటుంది. కణం లోపల లవణాలు, చక్కెరలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి ద్రవాభిసరణం వల్ల నీళ్లు లోపలికి తోసుకొస్తాయి. జంతు కణమైతే ఉబ్బి పగిలిపోతుంది. మొక్క కణం గోడను బలంగా నొక్కుతుంది, గోడ తిరిగి నొక్కుతుంది. దీన్నే స్ఫీత పీడనం అంటారు. మామూలు ఆకు కణంలో ఈ పీడనం వాతావరణ పీడనానికి 5 నుంచి 10 రెట్ల దాకా ఉంటుంది. కారు టైరులో కొట్టే గాలి 2 రెట్లకు కాస్త ఎక్కువ, అంతే. నీళ్లు పోయని మొక్క వాలిపోవడం, పోసిన గంటకు మళ్లీ లేచి నిలబడడం ఈ పీడనం దిగడం, ఎక్కడమే.

అంటే మొక్క శరీరం గాలి కొట్టిన టైర్లను ఒకదాని మీద ఒకటి అంటించి పేర్చినట్టు ఉంటుంది. టైరు లోపల తాడు కట్టి లాగితే టైరు ముడుచుకోదు. పైగా పక్క టైర్లన్నీ దానికి అతుక్కునే ఉన్నాయి, జరగడానికి చోటు లేదు. కండరం పని చేయాలంటే కణం మెత్తగా ఉండాలి, ఆకారం మార్చుకోగలగాలి. గోడ కట్టుకున్న రోజే మొక్కల పూర్వీకులు ఆ దారి వదులుకున్నాయి. బదులుగా వాటికి దొరికింది నీటి పీడనం. కండరం లాగుతుంది, మొక్క నెడుతుంది. ఈ తేడా మనసులో పెట్టుకుంటే మిగతావి వాటంతట అవే సర్దుకుంటాయి.

అత్తిపత్తి ఆకు కాడ మొదట్లో చిన్న ఉబ్బు ఒకటి ఉంటుంది. దాని కింది సగంలోని కణాలు నీళ్లతో బిగిసి ఉండి ఆకును పైకి ఎత్తిపెడతాయి. ముట్టుకోగానే విద్యుత్ సంకేతం, దానితోపాటు కాల్షియం సంకేతం బయల్దేరతాయి. కింది కణాల నుంచి పొటాషియం, క్లోరైడ్ అయాన్లు బయటికి పోతాయి, వాటి వెంట నీళ్లూ పోతాయి. ఎత్తిపెట్టే బలం పోయి ఆకు సెకను, రెండు సెకన్లలో వాలుతుంది. అయాన్లను మళ్లీ లోపలికి తోడి, నీళ్లు నింపుకుని లేవడానికి మాత్రం పది, పదిహేను నిమిషాలు పడుతుంది. వాలడం తేలిక, లేవడానికే ఇంధనం కావాలి. వీనస్ ఫ్లైట్రాప్ ఇంకో అడుగు ముందుకు వేసింది. దాని లోపలి వెంట్రుక ఒకసారి తగిలితే ఊరుకుంటుంది. సుమారు అర నిమిషం లోపు రెండోసారి తగిలితే సెకనులో పదో వంతులో మూసుకుంటుంది. మొదటి తాకిడికి కణాల్లో కాల్షియం కొంత పెరుగుతుంది, రెండో తాకిడికి హద్దు దాటుతుంది. మెదడు లేకుండా రెండు దాకా లెక్కపెట్టడం అంటే ఇదే. ఇక్కడ కాల్షియం పేరు గుర్తుంచుకోవాలి, కండరం దగ్గర మళ్లీ వస్తుంది.

ఇంత హడావుడి లేకుండా రోజంతా ఇదే పని చేసేవి ఆకుల మీది పత్రరంధ్రాలు. వెలుతురు రాగానే రక్షక కణాలు పొటాషియంను లోపలికి లాక్కుని, నీళ్లతో ఉబ్బి, విల్లులా వంగి రంధ్రాన్ని తెరుస్తాయి. ఆ రంధ్రాల్లోంచి ఆవిరయ్యే నీరే 115 మీటర్ల ఎత్తున్న రెడ్‌వుడ్ చెట్టు చివరి దాకా నీటిని లాగుతుంది. ఆ పనికి ఖర్చు సూర్యుడిది, చెట్టుది కాదు.

దీనంతటికీ జన్యువులకూ ఏం సంబంధం అంటే, మెండెల్ బఠాణీల దగ్గరికి వెళ్లాలి. గుండ్రటి గింజ, ముడతల గింజ అని మార్కుల కోసం బట్టీ పట్టిన ఆ జత నిజానికి నీటి పీడనం కథే.

గ్రెగర్ మెండెల్ బర్నో పట్టణంలోని మఠం తోటలో 1856 నుంచి 1863 దాకా బఠాణీలతో ప్రయోగాలు చేశాడు. 1865 ఫిబ్రవరి, మార్చి నెలల్లో రెండు ఉపన్యాసాలుగా చెప్పి, 1866లో అచ్చు వేయించాడు. గుండ్రటి గింజల మొక్కను ముడతల గింజల మొక్కతో సంకరం చేస్తే మొదటి తరంలో అన్నీ గుండ్రటివే వచ్చాయి. వాటిని వాటితోనే ఫలదీకరణం చెందనిస్తే 7,324 గింజలు వచ్చాయి. అందులో 5,474 గుండ్రటివి, 1,850 ముడతలవి. భాగిస్తే 2.96కి 1. మూడుకు ఒకటి అనే ఆ ప్రసిద్ధ నిష్పత్తి ఇదే. ఒక్కో గుణానికి రెండు కారకాలు ఉంటాయని, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తుందని, అవి కలిసి కరిగిపోకుండా తర్వాతి తరంలో మళ్లీ విడిపోతాయని మెండెల్ ఈ అంకెల్లోంచి రాబట్టాడు. 1900లో డి వ్రీస్, కోరెన్స్, చెర్మాక్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఎవరికి వారుగా ఇదే విషయానికి చేరుకునే దాకా లోకం పెద్దగా పట్టించుకోలేదు.

గుండ్రటి గుణం బహిర్గతం, ముడతల గుణం అంతర్గతం అని రాసి పుస్తకం అక్కడ ఆగిపోతుంది. ఇక్కడే పిల్లల మనసులో ఒక తప్పు బొమ్మ పడిపోతుంది. బహిర్గత జన్యువేదో బలవంతుడైనట్టు, అంతర్గత జన్యువును నోరు నొక్కి కూర్చోబెట్టినట్టు. నిజంగా జరిగేది ఇంకోటి.

1990లో ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ సంస్థ శాస్త్రవేత్తలు ఆ జన్యువును పట్టుకున్నారు. పిండిపదార్థంలో కొమ్మలు అల్లే ఒక ఎంజైమ్‌కు అది నమూనా. ముడతల బఠాణీలో ఆ జన్యువు మధ్యలో సుమారు 800 అక్షరాల పొడవున్న డీఎన్ఏ ముక్క ఒకటి ఎక్కడి నుంచో వచ్చి దూరింది. నమూనా చెడింది, ఎంజైమ్ తయారు కాదు. ఎంజైమ్ లేకపోతే చక్కెర పిండిగా మారడం తగ్గి గింజలో చక్కెర మిగిలిపోతుంది. చక్కెర ఉన్నచోటికి నీళ్లు వస్తాయి. కాబట్టి పచ్చిగా ఉన్నప్పుడు ఆ గింజ మామూలు గింజ కంటే ఎక్కువ నీళ్లు తాగి ఉబ్బుతుంది. పండి ఎండేటప్పుడు ఆ నీళ్లన్నీ పోతాయి, లోపల సరుకు తక్కువ, తోలు పెద్దది. ముడతలు పడుతుంది. జన్యువులో ఎక్కడా "ముడత" అని రాసి లేదు. రాసి ఉన్నది ఒక ఎంజైమ్ మాత్రమే. ముడత వేసింది ద్రవాభిసరణం.

మరి ఒక మంచి ప్రతి, ఒక చెడ్డ ప్రతి ఉన్న విషమయుగ్మజ గింజ ఎందుకు గుండ్రంగా ఉంటుంది? మంచి ప్రతి చేసే ఎంజైమ్ ఆ పనికి సరిపోతుంది కాబట్టి. చెడ్డ ప్రతిని ఎవరూ అణచడం లేదు, దాని దగ్గర చెప్పడానికి ఏమీ లేదు, అంతే. ఇంకా తమాషా ఏమిటంటే, అదే విషమయుగ్మజ గింజను కోసి సూక్ష్మదర్శిని కింద పిండి రేణువులను చూస్తే అవి రెండింటికీ మధ్యస్థంగా ఉంటాయి. గింజ తోలును చూసేవాడికి సంపూర్ణ బహిర్గతత్వం, పిండి రేణువును చూసేవాడికి అసంపూర్ణ బహిర్గతత్వం. జన్యువు ఒకటే, చూసే చోటు మారింది. బహిర్గతం, అంతర్గతం అనేవి జన్యువుకు పుట్టుకతో వచ్చే ఇంటిపేర్లు కావు. ఏ పనికి ఎంత ప్రోటీన్ చాలు అన్న లెక్కను బట్టి మనం పెట్టుకునే పేర్లు.

పొడవు, పొట్టి కథ కూడా దాదాపు ఇంతే. మెండెల్‌కు 787 పొడవు మొక్కలు, 277 పొట్టి మొక్కలు వచ్చాయి. 1997లో తేలిందేమిటంటే, ఆ జన్యువు జిబ్బరెల్లిన్ అనే హార్మోన్‌ను చివరి మెట్టులో పనికొచ్చే రూపంలోకి మార్చే ఎంజైమ్‌ది. ఒకే ఒక్క అక్షరం మారి, అలనిన్ ఉండాల్సిన చోట త్రియోనిన్ వచ్చి కూర్చుంది. ఎంజైమ్ పని చాలావరకు పడిపోయింది. జిబ్బరెల్లిన్ చేసే పని కాండం కణాలు సాగేలా చూడడం. గోడ కాస్త వదులైతే లోపలి పీడనం దాన్ని నెట్టుకుంటూ పోతుంది, కణం పొడవవుతుంది. మళ్లీ గోడ, మళ్లీ నీళ్లు.

ఇక్కడ గోధుమను పక్కన పెట్టి చూడడం మంచిది. 1960ల్లో హరిత విప్లవాన్ని మోసిన పొట్టి గోధుమ వంగడాలూ జిబ్బరెల్లిన్ దారిలోనే పొట్టివయ్యాయి, కానీ వాటి పొట్టితనం అంతర్గతం కాదు, పాక్షికంగా బహిర్గతం. ఎందుకంటే అక్కడ ఎంజైమ్ పోలేదు. ఎదుగుదలకు అడ్డుపడే ఒక ప్రోటీన్ ఉంది, జిబ్బరెల్లిన్ వచ్చి దాన్ని తొలగించాలి. మార్పు చెందిన ఆ ప్రోటీన్ జిబ్బరెల్లిన్ వచ్చినా కదలదు. ఒక్క ప్రతి అలాంటిది ఉన్నా అడ్డు అడ్డే. లేకపోవడం వల్ల వచ్చే గుణం సాధారణంగా దాక్కుంటుంది, ఉండకూడనిది ఉండడం వల్ల వచ్చే గుణం బయటపడుతుంది. సంకరంలో ఏ గుణం ఎంతమందికి వస్తుందో గళ్లలో లెక్కగట్టే ప్యునెట్ చదరాలు గీసి గీసి విసిగిన విద్యార్థికి ఈ ఒక్క ముక్క ముందే చెబితే సగం టెన్షన్ తగ్గేది.

ఇప్పుడు గోడ లేని వైపు చూద్దాం.

కండర తంతువు మామూలు కణం కాదు. పిండదశలో ఎన్నో చిన్న కణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి తయారైన పొడవాటి గొట్టం. ఒక్కో తంతువులో వందల కేంద్రకాలు ఉంటాయి. లోపల యాక్టిన్, మయోసిన్ పోగులు వరుసలుగా సర్దుకుని సార్కోమియర్ అనే గదులు కడతాయి. గది పొడవు 2 మైక్రోమీటర్లకు కాస్త ఎక్కువ. 10 సెంటీమీటర్ల తంతువులో ఇలాంటి గదులు ఒకదాని తర్వాత ఒకటిగా 45,000 దాకా పడతాయి. ఒక్కో గది అర మైక్రోమీటరు కుదించుకుంటే చాలు, మొత్తం కలిపి 2 సెంటీమీటర్లు దాటుతుంది. కనిపించని జరుగుడును కనిపించే కదలికగా మార్చే గుట్టు ఈ కూడికలో ఉంది.

కండరం కుదించుకున్నప్పుడు పోగులు తామే ముడుచుకుంటాయని చాలాకాలం అనుకున్నారు. 1954లో ఆండ్రూ హక్స్‌లీ, రాల్ఫ్ నీడర్‌గెర్కె ఒక వైపు, హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ ఇంకో వైపు, నేచర్ పత్రిక ఒకే సంచికలో పక్కపక్కనే వ్యాసాలు వేశారు. పోగుల పొడవు మారడం లేదు, ఒకదాని మీద ఒకటి జారుతున్నాయి అన్నది వాళ్ల మాట. హక్స్‌లీలిద్దరికీ చుట్టరికం లేదు, పరీక్షల్లో పిల్లలు మాత్రం అన్నదమ్ముల్ని చేసేస్తుంటారు.

నాడి నుంచి సంకేతం రాగానే తంతువులోని సంచుల్లో దాచిన కాల్షియం బయటికి వస్తుంది. యాక్టిన్ తాడు మీద ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ మూతలా పరుచుకుని ఉంటుంది. కాల్షియం వెళ్లి దాని పక్కనే ఉండే ట్రోపోనిన్ అనే ఇంకో ప్రోటీన్‌ను పట్టుకుంటే ఆ మూత పక్కకు జరుగుతుంది, మయోసిన్ తలలకు పట్టు దొరుకుతుంది. ఫ్లైట్రాప్‌లో రెండు లెక్కపెట్టినదీ, ఇక్కడ మూత తీసినదీ ఒకే అయాన్. జంతువులూ మొక్కలూ విడిపోయి వంద కోట్ల ఏళ్లు దాటినా పాత కబురు మోసేవాడిని ఎవరూ మార్చుకోలేదు.

ఏటీపీ గురించి ఒక అపోహ ఉంది. అది పట్టుకోవడానికి కావాలనుకుంటారు. నిజానికి వదలడానికి కావాలి. కొత్త ఏటీపీ వచ్చి అంటుకుంటేనే మయోసిన్ తల యాక్టిన్‌ను వదులుతుంది. చనిపోయిన కొన్ని గంటలకు శరీరం కొయ్యబారడం దీనివల్లే. ఏటీపీ అయిపోతుంది, పట్టు పట్టిన తలలు పట్టినట్టే ఉండిపోతాయి. ఒకటి రెండు రోజుల తర్వాత ప్రోటీన్లే కుళ్లడం మొదలై మళ్లీ సడలుతుంది. బతికున్న కండరంలోనూ నిల్వ ఉండే ఏటీపీ గట్టిగా పరుగెత్తితే రెండు మూడు సెకన్లకే చాలుతుంది, తర్వాత క్రియాటిన్ ఫాస్ఫేట్ మరికొన్ని సెకన్లు నెట్టుకొస్తుంది. ఆ పైన గ్లూకోజ్, ఆక్సిజన్‌ల వంతు.

కండరానికి ఒక లోటు ఉంది. అది లాగగలదు గానీ నెట్టలేదు. మోచెయ్యి మడవడానికి ఒక కండరం ఉంటే చాపడానికి ఇంకోటి కావాలి. అలాంటప్పుడు నాలుకను బయటికి ఎలా చాపుతున్నాం? వెనుక నుంచి నెట్టే ఎముక లేదు. నాలుకలో అడ్డంగా ఉన్న తంతువులు కుదించుకుని దాన్ని సన్నం చేస్తాయి. లోపలున్నది దాదాపు నీళ్లే, నీళ్లను నొక్కి తగ్గించలేం. సన్నబడిన నాలుక పొడవుగా సాగక తప్పదు. ఏనుగు తొండం, ఆక్టోపస్ చేతులు చేసేదీ ఇదే. నెట్టాల్సి వచ్చినప్పుడు కండరం కూడా మొక్క దగ్గరున్న నీటి ఉపాయాన్నే అరువు తెచ్చుకుంటోంది.

గోడ లేకపోవడానికి కండరం చెల్లించే మూల్యం ఏమిటో తెలియాలంటే డిస్ట్రోఫిన్ దగ్గర ఆగాలి. కణానికి చుట్టూ ఉన్నది పల్చటి పొర. లోపల వేల తాళ్లు లాగుతుంటే ఆ పొర చిరగకుండా లోపలి యాక్టిన్‌ను బయటి కణజాలానికి కలిపి కుట్టే దారం డిస్ట్రోఫిన్. మనిషి జన్యువుల్లో అతి పొడవైన వాటిలో దీనిది ఒకటి. 20 లక్షల పైచిలుకు అక్షరాలు, వాటి మధ్య అక్కడక్కడా ప్రోటీన్ నమూనా ఉండే ముక్కలు (ఎక్సాన్లు) 79. ఒక్క ప్రతిని డీఎన్ఏ నుంచి నకలు తీయడానికే గంటలు పడుతుంది. ఇంత పొడవున్న చోట తప్పులు దొర్లడం కూడా ఎక్కువే. డిస్ట్రోఫిన్ తయారు కాక కండరాలు క్రమంగా దెబ్బతినే జబ్బు డుషెన్ కండర క్షీణత. అది ఉన్న పిల్లల్లో సుమారు మూడో వంతు మందికి అది తల్లి నుంచి రాలేదు, కొత్తగా ఏర్పడిన మార్పు. జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది కాబట్టి ఒక్క ఎక్స్ మాత్రమే ఉన్న మగపిల్లలకు రెండో ప్రతి ఆసరా ఉండదు. సుమారు 5,000 మంది మగపిల్లల్లో ఒకరికి వస్తుంది. రెండో ఎక్స్ ఉన్న ఆడవాళ్లలో ఎక్కువమందికి లక్షణాలు కనిపించవు, కొందరిలో బలహీనత, గుండె సమస్యలు ఉంటాయి.

డిస్ట్రోఫిన్ లేని కండరం కుదించుకున్న ప్రతిసారీ పొరలో చిరుగులు పడతాయి. బయటి కాల్షియం లోపలికి దూరుతుంది, లోపలి క్రియాటిన్ కైనేజ్ రక్తంలోకి కారుతుంది. వ్యాధిని అనుమానించినప్పుడు మొదట చేసే రక్తపరీక్ష చూసేది ఈ ఎంజైమ్‌నే. చిరిగిన తంతువులు కొంతకాలం తిరిగి పుడతాయి, తర్వాత వాటి చోటును కొవ్వు, పీచు ఆక్రమిస్తాయి.

ఇందులో మామూలు తర్కానికి అందని సంగతి ఒకటి ఉంది. ఎక్కువ ముక్క పోయినవాడికి ఎక్కువ జబ్బు ఉండాలి కదా. అలా లేదు. ఒకటి రెండు అక్షరాలు పోయి తీవ్రమైన డుషెన్ వచ్చినవాళ్లున్నారు. మరోవైపు, ప్రోటీన్ నమూనాలో 46 శాతం పోయినా 61 ఏళ్ల వయసులో నడుస్తున్న మనిషి గురించి 1990లో వైద్య సాహిత్యంలో నమోదైంది. కారణం, జన్యువును మూడేసి అక్షరాల మాటలుగా చదవడం. మూడుతో భాగించబడే ముక్క పోతే మధ్యలో కొన్ని మాటలు లేని వాక్యం మిగులుతుంది, అర్థమవుతుంది. భాగించబడని ముక్క పోతే అక్కడి నుంచి అక్షరాలన్నీ జరిగి, మిగతా వాక్యమంతా గజిబిజి అవుతుంది. కొద్దిసేపట్లో "ఆగు" అనే సంకేతం తగిలి ప్రోటీన్ మధ్యలోనే తెగిపోతుంది. మొదటి రకానికి బెకర్ కండర క్షీణత అని పేరు, అది తక్కువ తీవ్రం. డిస్ట్రోఫిన్ రెండు కొనలూ ముఖ్యం, మధ్య భాగం పొడవాటి దారం. దారం పొట్టిదైనా రెండు కొనలూ ముడిపడి ఉంటే పని గడుస్తుంది. జన్యు చికిత్సలో పొట్టి డిస్ట్రోఫిన్‌ను ఎక్కించే ఆలోచన ఇక్కడి నుంచే వచ్చింది. జన్యువును మోసుకెళ్లే వైరస్‌లో 5,000 అక్షరాల లోపే పడుతుంది, పూర్తి నమూనాకు 11,000 కావాలి మరి.

బఠాణీ ముడత పడకుండా ఉండడానికి ఒక మంచి ప్రతి చాలింది. కండరంలో అన్నిసార్లూ అలా కుదరదు. మయోస్టాటిన్ కండరం అతిగా పెరగకుండా పగ్గం వేసే ప్రోటీన్. 1997లో ఈ జన్యువును తీసేసిన ఎలుకలకు కండరం రెండు మూడు రెట్లు పెరిగింది. బెల్జియన్ బ్లూ అనే పశుజాతి ఉబ్బిన కండలకు కారణం ఇదే జన్యువులో 11 అక్షరాలు లేకపోవడం. విప్పెట్ అనే పరుగు కుక్కల్లో ఒక చెడ్డ ప్రతి ఉన్నవి మామూలు వాటికంటే వేగంగా పరుగెత్తుతాయి, రెండు చెడ్డ ప్రతులున్నవి కండలు తిరిగిపోయి పందేనికి పనికిరావు. సున్నా, ఒకటి, రెండు. మూడింటికీ మూడు శరీరాలు.

దీనికి పూర్తిగా ఎదురు కథ ఏసీటీఎన్3 జన్యువుది. సార్కోమియర్ గోడల దగ్గర యాక్టిన్‌ను కట్టిపెట్టే ఒక ప్రోటీన్‌కు ఇది నమూనా, వేగంగా పని చేసే తంతువుల్లో మాత్రమే ఉంటుంది. ప్రపంచంలో దాదాపు ఆరుగురిలో ఒకరికి ఈ ప్రోటీన్ అసలే లేదు. వాళ్లకు జబ్బేమీ లేదు, చాలామందికి ఆ సంగతే తెలియదు. దగ్గరి చుట్టం లాంటి ఇంకో ప్రోటీన్ ఆ ఖాళీని పూడుస్తుంది. అగ్రశ్రేణి పొట్టి పరుగు క్రీడాకారుల్లో ఈ ప్రోటీన్ లేనివాళ్లు అరుదు అని 2003లో తేలింది. మరోవైపు, చల్లటి నీటిలో కూర్చోబెట్టినప్పుడు ఒంటి వేడిని బాగా నిలుపుకున్నది అది లేనివాళ్లే అని 2021లో వచ్చిన అధ్యయనం చెప్పింది. దీన్ని పట్టుకుని "వేగం జన్యువు" పరీక్ష అంటూ పిల్లలకు ఏ ఆట నేర్పించాలో చెప్పే వ్యాపారం మాత్రం నడుస్తోంది. ఒక ప్రోటీన్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఆట ఎంచుకోవడం, ఇంట్లో సుత్తి ఉందని వడ్రంగం నేర్చుకున్నట్టే.

ఇక మొదటి ప్రశ్నకు తిరిగి వస్తే, చెట్టుకు కండరం లేదన్న మాటను కూడా కాస్త సరిదిద్దుకోవాలి. గాలివానకు ఒరిగిన చెట్టు కొన్నేళ్లకు మళ్లీ నిటారుగా లేవడం కనిపిస్తుంటుంది. వెడల్పాటి ఆకుల చెట్లలో చాలావరకు ఒరిగిన కాండం పై వైపున ప్రత్యేకమైన దారువు పెరుగుతుంది. దాని పోగుల లోపలి సెల్యులోజ్ పొర కుదించుకుంటూ కాండాన్ని పైకి లాగుతుంది. పైన్ లాంటి చెట్లు కింది వైపున వేరే రకం దారువును పెంచి కింద నుంచి నెడతాయి. లిల్లీ లాంటి దుంప మొక్కల్లో కొన్ని వేళ్లు పొడవులో ముడుచుకుని, దుంపను ఏటేటా కాస్త లోతుకు లాక్కుపోతాయి. ఆ వేళ్ల మీద అడ్డంగా పడ్డ ముడతలు కంటికే కనిపిస్తాయి. గోడ ఉన్నా లాగడం సాధ్యమే, గోడనే తాడుగా వాడుకుంటే. కాకపోతే మోచెయ్యి సెకనులో చేసే పనికి చెట్టు కొన్నేళ్లు తీసుకుంటుంది, ఒకసారి లాగాక వదలదు.